రెండో గేరు చప్పుడు

అత్తయ్య కారు రెండో గేరులోకి వెళ్ళేటప్పుడు కర్రుమని అరవడం మొదలుపెట్టింది. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే రోజుల్లో, అప్పటికే పాతదైన ఆ కారును ఆవిడ కొనుక్కుంది. ఇప్పుడది వింటేజ్ బండి. జనక్‌పురిలో మా ఇంటి ముందు గుడ్డ కప్పుకుని ఉంటుంది. ఏడాదికోసారి పాత కార్ల ర్యాలీకి మాత్రం అత్తయ్యే నడుపుకుంటూ వెళ్తుంది.

ఈసారి మా ఆయన అడ్డుపడ్డాడు. "గేరు సరిగ్గా పడట్లేదు, నీ చేతుల్లో పట్టు తగ్గిందమ్మా. ఆదివారం ర్యాలీకి నేను నడుపుతాలే," అన్నాడు. ఆవిడ తాళం తీసి ఇచ్చేసింది. ఎంతమంది రోగుల్నో లేపి కూర్చోబెట్టిన మనిషి, ఆ సాయంత్రం తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంటే నాకు ఒళ్ళు మండింది.

నాకో జబ్బుంది. ఏదైనా అంతుపట్టకపోతే అన్నం సహించదు. చప్పుడు ఎప్పట్నుంచని అత్తయ్యను అడిగాను.

"వాడు ఆయిల్ మార్చిన కాణ్ణించే. చెప్తే సాకు అనుకుంటాడని ఊరుకున్నా," అంది.

మా ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. ఫోనైనా, ప్రెషర్ కుక్కరైనా కొత్త వెర్షన్ వచ్చిందంటే పాతది ఆయన కంటికి ఆనదు. అత్తయ్య ఎప్పుడూ జీఎల్-4 రకం గేర్ ఆయిల్ పోయించేది. షాపులో పక్కనే జీఎల్-5 కనబడేసరికి, నాలుగు తర్వాత వచ్చింది కదా, ఇంకా మంచిదే అయ్యుంటుందని అదే పోయించాడట. అడిగితే గర్వంగానే చెప్పాడు.

ఆ అంకెల సంగతేమిటో చూద్దామని కూర్చున్నాను. చదివేకొద్దీ భలే సరదా వేసింది. గేరు మారేటప్పుడు లోపల ఒక ఇత్తడి రింగు, తిరిగే చక్రాన్ని ఒరుసుకుని దాని వేగాన్ని సరిచేస్తుందట. అప్పుడే గేరు పళ్ళు చప్పుడు లేకుండా కలుస్తాయి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే ఆ రింగుకు పట్టు చిక్కదు. పైగా జీఎల్-5లో ఎక్కువగా కలిపే గంధకపు మందులు ఒక్కోసారి ఇత్తడిని తినేస్తాయి కూడా. ఆయిల్ పని జారడమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కొంచెం జారకుండా ఉండడం కూడా దాని పనేనని నాకేం తెలుసు? పట్టు తగ్గిన మాట నిజమే, కానీ అత్తయ్య చేతుల్లో కాదు.

శనివారం కశ్మీరీ గేట్‌లోని స్పేర్ పార్టుల బజారుకు వెళ్ళి, ఫైవే తీసుకోమని షాపతను ఎంత పోరినా వినకుండా జీఎల్-4 తెచ్చాను. మెకానిక్ పాతది దించుతుంటే వేలు ముంచి వాసన చూశాను. కుళ్ళిన గుడ్డూ మాడిన వెల్లుల్లీ కలిసిన కంపు. ఈ వాసనకే గేరు పడలేదంటావా అని మా ఆయన వెక్కిరించాడు.

ఆదివారం చర్చి నుంచి రాగానే అత్తయ్యను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. మా ఆయన తాళం ఇచ్చాడు గానీ, ఎందుకైనా మంచిదని పక్క సీట్లో ఎక్కాడు. మలుపు దాటాక ఆవిడ రెండో గేరు వేసింది. వెనక సీట్లోంచి నేను చెవులు రిక్కించాను. చప్పుడు లేదు. మా ఆయన గేరు రాడ్డు వైపు చూశాడు, తర్వాత ఆవిడ చేతి వైపు చూశాడు. ర్యాలీ అయ్యేదాకా ఆవిడే నడిపింది.

ఇంటికొచ్చాక అలవాటుగా తాళం కోసం చెయ్యి చాపాడు. అత్తయ్య దాన్ని తన బైబిలు సంచిలో వేసుకుంది.

"నా చేతిలోనే ఉండనీ నాన్నా. పట్టు బానే ఉంది," అంది.