పత్తి అర్రలో అవ్వ పాట

నా చిన్నప్పుడు మొయినాబాద్ దగ్గర మా ఊరి క్రైస్తవ ప్రార్థన మందిరంలో ఆదివారం పాట ఎత్తుకునేది మా అవ్వ, అంటే మా నాయనమ్మ. ఆమె తండ్రి కట్టిన కీర్తన ఒకటుంది. మేమంతా వెంట పాడేవాళ్లమే గాని, చరణాల్లోని మలుపులు ఆమెకు తప్ప ఎవరికీ పట్టుబడలేదు. ఒక ఏడు ఆమె గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ అయ్యాక మాట వస్తుంది గాని, పాట సంగతి చెప్పలేమని పట్నం దవాఖానలో డాక్టరు అన్నాడు.

దవాఖానకు పోయే ముందురోజు పొద్దున్నే మా చిన్నాయన టేపురికార్డరు, మైకు పట్టుకొని చేవెళ్ల బస్సులో వచ్చి దిగాడు. ఆయన పట్నంలో ఒక స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. మా బాపు అప్పటికే కొత్తగా స్లాబు వేసిన గది ఊడ్పించి, మధ్యలో కుర్చీ వేయించాడు. ఆ గదిలో దగ్గినా గోడలు మోగేవి. మందిరంలో మైకుకు ఎకో ఎంత పెడితే అంత మహిమ అనుకునే రోజులవి. అవ్వ పాడింది. తిరిగి వేసి వింటే మాట మీద మాట పడి, మలుపులన్నీ కలిసిపోయాయి. బాపుకు మాత్రం నచ్చింది.

"మందిరంల లెక్కనే ఉన్నది గదరా, ఇంకేం గావాలె?" అన్నాడు.

చిన్నాయన నన్ను పిలిచి, చప్పట్లు కొట్టుకుంటూ ఇల్లంతా తిరగమన్నాడు. ఎక్కడైతే నా చప్పుడు మళ్లీ నాకు వినబడదో అక్కడ ఆగమన్నాడు. వంటింట్లో కొడితే గిన్నెలు సన్నగా పలికాయి. వసారాలో కొడితే కోళ్లు లేచి ఉరికాయి, బాపు నవ్వాడు. చివరికి, ఏరిన పత్తి నింపి పెట్టిన అర్రలోకి పోయి కొట్టాను. చప్పుడు నా చేతుల దగ్గరే ఆగిపోయింది. నమ్మకం కుదరక ఇంకోసారి కొట్టి, చిన్నాయనను పిలిచాను.

పత్తి కాస్త జరిపి పీట వేశారు. అవ్వ మైకుకు జానెడు దూరంలో కూర్చొని పాడింది. ఈసారి ప్రతి మలుపూ విడిగా, తేటగా వచ్చింది. దానితోపాటు ఆమె ఊపిరి అందక ఆగడం, పై స్వరంలో గొంతు గీసుకుపోవడం కూడా వచ్చాయి. అది విని అవ్వ ముఖం చిన్నబోయింది.

"ముసలిదాని గొంతు బయటవడ్డది. ముందుగాల పాడిందే ఉంచు కొడుకా. గిది ఇంటే మంది నవ్వుతరు."

"దేవుడు రోజూ ఇంటున్నది గీ గొంతే గదనే అవ్వా. ఆయనకు లేని నామోషీ నీకెందుకు?" అన్నాడు చిన్నాయన.

అవ్వ పీట మీద మళ్లీ సర్దుకొని కూర్చుంది. ఆ తర్వాత, పాట తన తండ్రి కట్టినదని మొదట చెప్పి మళ్లీ పాడతానంది. అట్లాగే చెప్పి, కళ్లు మూసుకొని పాడింది. ఆ టేపునే ఉంచాం.

ఆపరేషన్ తర్వాత అవ్వకు గుసగుస మాటే మిగిలింది. మందిరంలోని ఆడవాళ్లు మా ఇంటికి వచ్చి, టేపు ఆపుతూ వింటూ ఆ మలుపులన్నీ నేర్చుకున్నారు. తప్పు పాడిన చోట అవ్వ వేలెత్తి ఆపేది. వాళ్లు ఆరాధనలో ఆ కీర్తన పాడిన రోజు ఆమె పెదవులు మాత్రమే కదిలాయి. మొహంలో దిగులు లేదు.

నేనూ ముప్పై ఏళ్లు చిన్నాయనలాగే సౌండ్ ఇంజనీరు పని చేసి, ఇప్పుడు మా ఊళ్లోనే ఉంటున్నాను. ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే సంఘం పిల్లలు ఏ మైకు కొనాలని అడగడానికి వస్తారు. ముందు గోడలకు బొంతలు కట్టండి, మైకుకు దగ్గరగా కూర్చోండి అని చెబుతాను. అంతవరకు వింటారు. పాటలో వినబడే ఊపిరిని మాత్రం కంప్యూటర్లో తీసేయమంటారు. ఫ్యాను చప్పుడు తీసేస్తాను, రోడ్డు మీది ఆటోల చప్పుడు తీసేస్తాను. ఊపిరి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగుతుంది. దాన్ని ఇచ్చినవాడు ప్రభువు. తుడిచే పని నాకు అప్పగించలేదు.