మాత్రల బదులు పెరుగు పొడి

సునామీ ముంచేసిన మూడో వారంలో కార్ నికోబార్‌లో దిగాం. జెట్టీ లేదు. నడుం లోతు నీళ్లలో కిట్లు నెత్తిన పెట్టుకుని ఒడ్డుకు చేరాం. కొబ్బరితోటల్లో ఉప్పునీరు నిలిచిపోయింది. ఐదున్నరకల్లా చీకటి, దోమలు.

ఆర్డర్లు మూడు. శవాలు తీయాలి. గుడారాలు వేయాలి. ప్రతి ఆదివారం వరసలో నిలబడి మలేరియా మాత్ర మింగాలి. మింగించే డ్యూటీ నాది, హవల్దారుని కదా. మా వంటవాడు ముఖం చిట్లించుకునే మింగేవాడు. వాళ్లది శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లోని బతు బస్తీలో స్థిరపడ్డ జాలరి కుటుంబం. గంజి పులియబెట్టి రోజూ తరవాణి తాగేవాడు. జ్వరం రాలేదు. ఆ పేరంతా తరవాణికే కట్టబెట్టాడు.

తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసర్‌కి కూడా గ్లాసుడు ఇచ్చాడు. "ఇది తాగినోడికి జొరం రాదు సాబ్. మా ఇంట్లో అందరం ఇదే తాగుతాం."

ఆఫీసర్ మురిసిపోయాడు. కడుపులోని మంచి బాక్టీరియా మలేరియాని అడ్డుకుంటుందని ఎక్కడో విన్నాడట.

"అది ఇంకా తేలాలి సార్. తేలేదాకా మాత్రే దిక్కు," అన్నాడు మెడికల్ అసిస్టెంట్. అతని మాట ఎవడు వింటాడు?

తర్వాతి ఓడ గురించి రేడియోలో అడిగాను.

"మాత్రలు ఈసారి రావు. పెరుగు పొడి వస్తోంది. ఓవర్."

"ఎవరికి? ఓవర్."

"మీకే. ఆ మంచి బాక్టీరియా మీ దగ్గర బాగా పనిచేస్తోందని ఆఫీసర్ సాబ్ రాశారట కదా. ఓవర్."

పొడి వచ్చింది. వానలూ వచ్చాయి. జ్వరంతో మొదట పడిపోయింది వంటవాడే. మబ్బు పట్టి హెలికాప్టర్ దిగలేదు. "కొంచెం తరవాణి పొయ్యండి సార్," అన్నాడు. పోశాను. కక్కేశాడు. మబ్బు విడిచేసరికి అతను లేడు.

ఆ బాక్టీరియా మీద నాకు కోపం లేదు. రేపెప్పుడైనా నలుగురికీ మేలు చేస్తే చేయనీ. ఆ ఆఫీసర్‌ని మాత్రం ఇవాళ్టికీ క్షమించలేదు.

పోర్ట్ బ్లెయిర్‌కి తిరిగొచ్చాక వంటవాడి ట్రంకుపెట్టె ఇవ్వడానికి బతు బస్తీ వెళ్లాను. భార్య ఏడవలేదు.

"అక్కడ ఆయనకి తరవాణి ఎవులు పోసుంటారు భయ్యా? అదే తాగుంటే ఈ జొరమొచ్చేదేటి?"

ఆమె లోపలికెళ్లి లోటా నిండా తెచ్చి నా చేతిలో పెట్టింది. తాగేదాకా కదల్లేదు. ఖాళీ లోటా అందుకుని, అడుగు దాకా తొంగి చూసి, "ఇంక మీకేటీ అవదు," అంది.

నన్ను వదలనిది ఆమె ముఖంలోని ఆ నిశ్చింతే.