శీను వాళ్ళమ్మకు చెప్పిన కషాయం

ఆ రోజు నేను చేసిన తప్పు, ఒక పెద్దావిడకు వైన్‌ను కషాయమని చెప్పడం. ఆఫీసు పని మీద కాకినాడ నుంచి హైటెక్ సిటీకి వచ్చి, చందానగర్‌లో మిత్రుడు శీను ఇంట్లో దిగాను. చలిగా ఉంది కదా, వేడి వేడి మసాలా వైన్ చేసి పెడతానని గొప్పలు పోయాను. షాపులో అన్నిటికంటే ఖరీదైన, బాగా వగరుండే రెడ్ వైన్ కొన్నాను. దాల్చినచెక్క, లవంగాలు, నారింజ తొక్క వేసి చారులా తెర్లించాను.

వాళ్ళమ్మ వంటింట్లోకి రాగానే గిన్నె మీద మూత పెట్టేశాను.

"ఏంది బిడ్డా అది?"

"జలుబుకి కషాయమండి."

"గింత వాసనొస్తుంటే కషాయమంటవా? మా ఇంట్ల కల్లు నడుమ వెట్టుకొని అందరం కూసొని తాగుతం. నా ముంగట దాస్తున్నవంటే నన్ను పరాయిదాన్ని చేసినట్టే గదా," అని ఆమె వెళ్ళిపోయింది.

మా ఇళ్ళలో పెద్దలకు కనబడకుండా దాచడాన్నే మర్యాద అంటాం. ఆమెకది అవమానంగా తగిలింది.

శీను ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "నువ్వు అబద్ధమేం చెప్పలే రా. ఇది కషాయమే."

మర్నాడు సాయంత్రం వగరు తక్కువగా, పళ్ళ రుచితో ఉండే మామూలు రెడ్ వైన్ తెచ్చి, మరగనివ్వకుండా సన్నమంట మీద వేడి చేశాను. మొదటి గ్లాసు ఆమెకిచ్చి, "నిన్న అబద్ధం చెప్పానండి, క్షమించండి" అన్నాను. ఆమె పోయిన పెద్దల పేర రెండు చుక్కలు నేల మీద చిలకరించి, "నువ్వు గూడ కూసో" అంది.

ఆమె ఎదురుగానే కూర్చుని తాగాను. మొదటి గుక్క మాత్రం, పెద్దల ముందు అలవాటు లేక, ముఖం పక్కకు తిప్పుకుని తాగాను.