కాంపౌండరు గారి ఎడమకన్ను

మా పక్కింటి కాంపౌండరు గారు పోయారని సోమవారం పొద్దున్న నేను బడిలో ఉండగా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. టీ తాగి పడక్కుర్చీలో వాలినవారు మళ్లీ లేవలేదట. పిల్లల్ని ఏదో రాసుకోమని చెప్పి, కాసేపు వరండాలో నిలబడ్డాను.

నిడదవోలులో మా వీధి పిల్లలందరికీ ఇంజెక్షన్లు చేసింది ఆయనే. సిరంజి వెనక్కి దాచుకుని, "మీ పిల్లి ఈనిందటగా, ఎన్ని కూనలు?" అని అడిగేవారు. మేం లెక్క చెప్పేలోపు పని అయిపోయేది. "భయపడితే పడండి, చెయ్యి మాత్రం కదపకండి" అని పెద్దవాళ్లతో అనేవారు. నాకు ఆయన బాబాయిగారు, ఆయన భార్య పిన్నిగారు.

రిటైరయ్యాక రెండు కళ్లకూ నీటికాసులు వచ్చాయి. ముందు కుడికంటికి రాజమండ్రిలో ఆపరేషన్ చేశారు. లోపలి ఒత్తిడి తగ్గేలా నీరు బయటికి పోవడానికి చిన్న దారి చేసి, అది మచ్చకట్టి మూసుకుపోకుండా కంటి పక్కన కొన్ని ఇంజెక్షన్లు చేయించుకోవాలన్నారు. ఆయన ఒక్కటి చేయించుకుని, "గాయం చక్కగా మానింది, ఇంకెందుకు" అని ఊరుకున్నారు. కొన్ని నెలలకు ఆ దారి మూసుకుపోయి, కుడికంటి చూపు పూర్తిగా పోయింది.

ఎడమకంటికి ఆపరేషన్ అయ్యాక, మొదటి ఇంజెక్షన్‌కి తోడుగా నేను వెళ్లాను. రైలు కొవ్వూరు దాటాక మెల్లగా అన్నారు.

"అమ్మాయీ, అప్పుడు గాయం మానిందని ఆగలేదమ్మా. భయమేసి ఆగిపోయాను. ఊరందరికీ సూదులు పొడిచినవాణ్ణి, ఎవరితో చెప్పుకోను?"

"పిన్నిగారికి తెలుసాండి?"

"తెలీదు."

ఆయన మందుల సంచి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మత్తుచుక్కలు వేసి సిరంజి తీశారు.

"నాకు భయమండి. ఒక్క నిమిషం ఆగండి" అన్నారు బాబాయిగారు.

"అలాగే తాతగారూ. మీరు సరేనన్నాకే చేస్తాను. శరీరం ఆ దారిని మాన్పేద్దామని చూస్తుంది. ఈ మందు దాన్ని మాననివ్వదు."

ఆవిడ నిజంగానే ఆగారు. ఆయన నా వేళ్లు గట్టిగా పట్టుకుని, "కానివ్వండి" అన్నారు. ఆ తర్వాత కదల్లేదు.

ఇంటికి రాగానే పిన్నిగారికి తనే అంతా చెప్పేశారు. "అప్పుడే చెప్పుంటే పక్కన నేనుండేదాన్ని కదండీ" అన్నారు ఆవిడ. తర్వాత ప్రతిసారీ ఆవిడే వెళ్లారు. డాక్టరమ్మ ఇక చాలన్నదాకా ఆయన ఒక్క ఇంజెక్షనూ మానలేదు. ఎడమకన్ను నిలబడింది.

ఇప్పుడు మా క్లాసులో ఎవరైనా భయమేస్తోందంటే, ఏం పర్వాలేదని తోసెయ్యకుండా ఒక నిమిషం ఆగుతున్నాను. అది ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆయన పోవడానికి ముందురోజు, ఆదివారం, గోడ మీదుగా చూశాను. పిన్నిగారి కోసం కనకాంబరాలు కోస్తున్నారు. వాటికి వాసన ఉండదు, కంటితోనే వెతుక్కోవాలి. ఆయన తల కాస్త పక్కకు వంచి, ఎడమకన్ను ఆకుల దగ్గరికి తెచ్చి, ఒక్కో పువ్వూ తుంచి దోసిట్లో వేసుకుంటున్నారు.