అంగుళానికి ఒక సూత్

1958 ఫిబ్రవరి 9, ఆదివారం. ప్రార్థన ముగించుకుని అమ్మా నేనూ ఇంటికి వచ్చేసరికి వడ్రంగి చాచా మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన దుప్పటిలో చుట్టిన గిటారు. దుప్పటి విప్పకముందే నాకు అనుమానం వచ్చింది. ఆ చుట్ట ఉండాల్సినదానికన్నా పొడుగ్గా ఉంది.

అప్పుడు నాకు పదిహేనేళ్లు. సిరోంచ మిషన్ బడిలో పాటలు నేర్పే దొరసాని టీచరు రెండేళ్లపాటు తన గిటారు మీద నాకు వాయించడం నేర్పింది. చర్చిలో పాటలకు నేను వాయించడం మొదలుపెట్టాక హార్మోనియం మాస్టారి పెట్టెకు మూత పడింది. క్రిస్మస్ కాగానే టీచరు తన దేశం వెళ్లిపోయింది. గిటారూ ఆమెతోనే పోయింది. తీగలు బిగించే మరలు ఒక జత, పన్నెండు తీగలు మాత్రం నాకు ఇచ్చి వెళ్లింది. చర్చి పాస్టరు అయ్యగారు నాతో ఒకటే మాట అన్నారు. ఈస్టర్ నాటికి నా సొంత గిటారు మీద వాయించగలిగితే పాటలు నావి, లేకపోతే మళ్లీ హార్మోనియానివి. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 6న వచ్చింది. చాచా గిటారు తెచ్చిన రోజు నుంచి యాభై ఆరు రోజులు.

టీచరు వెళ్లకముందే ఆమె గిటారును నేను అంగుళం అంగుళం కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. అంగుళానికి ఎనిమిది సూత్‌లు, అది వడ్రంగుల లెక్క. చాచా దుకాణంలో కూర్చుని ఒక్కో కొలతా చదివితే ఆయన వెదురు బద్ద మీద గాట్లు పెట్టుకున్నాడు. మా చర్చి బల్లలు, ఊళ్లో సగం ఇళ్ల తలుపులు చేసిన చెయ్యి అది. గిటారు మాత్రం ఎన్నడూ చేయలేదు. అయినా నా కొలతలు ఉన్నాయి కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను.

చాచా దుప్పటి తీశాడు. నునుపుగా తోమిన టేకు, తేనె రంగులో మెరుస్తోంది.

"సూడు బిడ్డా. అల్లపల్లి సాగువాన్. ఆరేండ్లు ఎండిన మాల్. నీ మనుమరాలు గూడ వాయిస్తది."

ఒళ్లో పెట్టుకున్నాను. కుడి చెయ్యి పెట్టె మీది నుంచి దిగి తీగల దాకా సరిగ్గా అందలేదు. ఎడమ చెయ్యి మెడ చివరికి చాపితే భుజం లాగింది. లోపలికి వెళ్లి కొలబద్ద తెచ్చి కొలిచాను. తీగ పొడుగు ఇరవై అయిదు అంగుళాలు ఉండాలి. ఇరవై ఎనిమిది మీద ఒక సూత్ ఉంది. మెడ వెడల్పు రెండు ఉండాలి. రెండు మీద రెండు సూత్‌లు ఉంది.

"చాచా, ఇది నేను చెప్పిన కొలత కాదు."

"ఎందుకు కాదు? అంగుళానికి ఒక సూత్ పెంచిన. అన్నింటికీ బరాబర్ పెంచిన. ఒక్కకాడ ఎక్కువ, ఒక్కకాడ తక్కువ లేదు."

"ఎవరు పెంచుమన్నరు?"

ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తూ ఏమీ జరగనట్టే అంది: "నేనే అన్న. పెరిగే పిల్ల, జర పెద్దగ చెయ్యుండ్రి భాయ్ అని. మల్ల రెండేండ్లకు ఇంకోటి చేయిస్తమా?"

అమ్మ నాకు ఏది కుట్టించినా అదే మాట చెప్పేది. లంగాలకు కింద రెండు మడతలు పెట్టించి ఏడాదికి ఒకటి విప్పేది. చెప్పులు వేలెడు పెద్దవి తెచ్చి ముందు గుడ్డ పీలికలు కుక్కేది. ఆమె ఆస్పత్రిలో దాయి, కాన్పులు చేసేది. పుట్టిన పిల్లల్ని రోజూ చేత్తో పట్టుకునే మనిషికి, పిల్లలు పెరుగుతారన్నది తప్ప ఇంకో లెక్క ఉండేది కాదు.

"లంగకు మడత ఉంటది, ఇప్పుతం. దీనికి మడత ఏది?" అని అరిచాను.

"నీ సేతి యేళ్లకు ఉన్నది మడత. అది ఇప్పు," అంది అమ్మ.

చాచా పగలబడి నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. మెడ అన్నా చెక్కి సన్నం చెయ్యమని బతిమాలాను. "కోసిన సాగువాన్ మల్ల అతుకుతదా? జర ఆగు. రెండేండ్లల్ల నువ్వే నాకు సలాం కొడతవ్," అని దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తరువాత నా చెయ్యి ఒక్క సూత్ కూడా పెరగలేదు. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా ఏడు అంగుళాలు, ఇవాళ కూడా అంతే.

నిజానికి చాచా పనిలో తప్పు పట్టడానికి వీల్లేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. మెడ మీద వేళ్లతో నొక్కే మెట్లు అన్నీ ఒకే లెక్కన పెరిగాయి కాబట్టి ఏ మెట్టు నొక్కినా స్వరం సరిగ్గానే పలికేది. వంకర ఉంటే తిప్పి పంపేదాన్ని. వంకర లేని పెద్ద వస్తువును ఏమని తిప్పి పంపాలి?

రోజూ బడి నుంచి వచ్చాక గంటన్నర కూర్చునేదాన్ని. నోటుబుక్కులో తేదీ, ఎంతసేపు, ఏ పాట, ఎక్కడ ఆగింది అని రాసేదాన్ని. ఫిబ్రవరి అంతా ఒకే చోట ఆగింది. చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా పరచి, మిగతా వేళ్లు ముందు మెట్ల మీదికి చాపే పట్టు ఒకటి ఉంటుంది. టీచరు గిటారు మీద అది నాకు నీళ్లు తాగినంత తేలిక. దీని మీద చూపుడు వేలు ఆరో తీగను చేరేసరికి ఉంగరం వేలు గాలిలో ఉండేది. ఉంగరం వేలు దిగితే చూపుడు వేలు లేచిపోయేది. వేళ్ల కొసలు ముందే కాయలు కాచి ఉన్నాయి, అయినా కొత్తగా పగిలాయి. అమ్మ వాటికి ఆముదం రాస్తూ "అయితదిలే" అనేది. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండేది.

తీగల గోల వేరే. అంత పొడుగు మీద హార్మోనియం శ్రుతికి బిగిస్తే తెగిపోయేవి. గిటారుకు ఎక్కించిన ఆరూ పోగా నా దగ్గర ఆరు మిగిలాయి. మార్చి 12 నాటికి వాటిలో నాలుగు ఖర్చయ్యాయి. కొత్తవి కావాలంటే నాగపూర్ నుంచి రావాలి. తెగకుండా ఉండాలని ఒక స్వరం దించి బిగించాను. అలా వాయిస్తే పాడేవాళ్ల గొంతులు కిందికి దిగి గురక పెట్టినట్టు వినిపించాయి.

హార్మోనియం మాస్టారు చర్చిలో పాటల అభ్యాసానికి వచ్చి ముందు బల్ల మీద కూర్చునేవారు. "ఏంది పిల్లా, గిది గిటారా ఊయలనా? దీంట్ల పిలగాన్ని పండవెట్టి ఊపొచ్చు," అన్నారు ఒకరోజు. అందరూ నవ్వారు. ఆయన హార్మోనియం మీది ధూళి తుడిచి కూడా పెట్టుకున్నారు. అది చూశాక ఆ రాత్రి అన్నం తినలేదు.

మార్చి 23న గిటారును బల్ల మీద పడుకోబెట్టి మళ్లీ బద్ద పట్టాను. తీగలు ఆనే కింది దిమ్మ నుంచి మొదలుపెట్టి, టీచరు గిటారు కొలత ఇరవై అయిదు అంగుళాలు ఎక్కడికి వస్తుందో చూశాను. రెండో మెట్టు దగ్గరికి వచ్చింది. అర సూత్ తేడా. అక్కడి నుంచి ఒక్కో మెట్టు దూరం కొలిచి నోటుబుక్కుతో పోల్చాను. అన్నీ అవే. అంటే రెండో మెట్టు దగ్గర ఆరు తీగల్నీ గట్టిగా అదిమి కట్టేస్తే, మిగిలినది టీచరు గిటారే. ఒక స్వరం దించిన తీగలు అక్కడ మళ్లీ హార్మోనియం శ్రుతికి ఎక్కుతాయి. నలభై రెండు రోజులు ఈ కొలత తియ్యకుండా ఏడుస్తూ కూర్చున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడంగుళాల పెన్సిలు ముక్క తీగల మీద అడ్డంగా పెట్టి, పంచరు దుకాణంలో అడిగి తెచ్చిన సైకిల్ ట్యూబు పట్టీతో మెడకు బిగించాను. పొడుగు దారికి వచ్చింది. వెడల్పు మాత్రం రాలేదు. దానికి కట్టు లేదు. పద్నాలుగు రోజులు ఆ రెండు సూత్‌లతోనే కొట్లాడాను. పది సార్లు పట్టు వేస్తే ఆరు సార్లు పలికేది.

ఈస్టర్ ముందురోజు చాచా ఆ దారిన పోతూ పెన్సిలు ముక్కను చూశాడు. ముఖం మాడిపోయింది.

"ఏంది బిడ్డా గిది? కాలిరిగిన మేకకు కట్టినట్టు కట్టినవ్. నా పని గిట్ల చేస్తవా?"

"మీరు పెంచింది మీరే తగ్గిస్తే నేనెందుకు కడత చాచా?"

ఆయన విసురుగా వెళ్లిపోయాడు. నాకు బాధ కలిగింది, కానీ కట్టు విప్పలేదు.

ఈస్టర్ నాడు అయిదు పాటలు. మొదటి మూడూ సాఫీగా నడిచాయి. నాలుగో పాట రెండో చరణంలో ట్యూబు పట్టీ జారి పెన్సిలు వంకరైంది. సగం తీగలు ఒక శ్రుతి, సగం తీగలు ఇంకో శ్రుతి. పాడేవాళ్లు తడబడ్డారు. ఆ క్షణమే మాస్టారు పెట్టె మూత తీసి పాటను అందుకున్నారు. అయిదోది కూడా ఆయనే వాయించారు. అందరూ దేవుడే ఆదుకున్నాడన్నారు. నాకు మాత్రం మాస్టారు మూత తీసిన వేగమే కళ్ల ముందు ఉండిపోయింది.

బయట మాస్టారు నా పక్కన ఆగారు. "మూడు పాటలు మంచిగనే కొట్టినవ్. వచ్చే ఆదివారం మూడు నువ్వు కొట్టు, రెండు నాకు ఇడువు."

"అయిదూ నేనే కొడత సార్."

"మల్ల గా రబ్బరు జారితే?"

"రెండు సుట్లు సుడత."

అయ్యగారు మా ఇద్దరినీ చూసి, "ఇంకొక్క వారం చూద్దాం," అన్నారు.

ఏప్రిల్ 13న రెండు చుట్లు చుట్టాను. ఆ బిగువుకు రెండో పాట మధ్యలో మూడో తీగ తెగి నా మణికట్టు మీద గీరింది. ఆగితే మూత లేస్తుందని నాకు తెలుసు. మిగిలిన అయిదు తీగల మీదే వాయించాను. పట్టు పలికిన చోట పలికింది, పలకని చోట కుడి చేత్తో గిటారు పెట్టె మీద తాళం వేశాను. మూడో పాట, నాలుగో పాట, అయిదో పాట. పుస్తకం వైపు గానీ అయ్యగారి వైపు గానీ చూడలేదు, హార్మోనియం మూత వైపే చూస్తూ వాయించాను. అది లేవలేదు.