ఖోర్ ఫక్కాన్ బస్సులో దోపిడీ

మొన్న మా కంపెనీ బస్సు కొండల మధ్య చాయ్ కొట్టు దగ్గర ఆగినప్పుడు, పనిలో కొత్తగా చేరినతను నా చెవిలో, "అన్నా, ఈడ్నే గదా బస్సు దోసుకున్నది?" అని అడిగాడు. ముసుగులు, కత్తులు కూడా ఉన్నాయట కదా అన్నాడు. మా దోపిడీ అంత ఎత్తుకు ఎదిగినందుకు నాకు గర్వంగానే అనిపించింది. నిజానికి ఆ రోజు పోయింది ఒక్క అట్టపెట్టె.

కరోనా సద్దుమణిగి విమానాలు మళ్లీ తిరుగుతున్న రోజులవి. ఖోర్ ఫక్కాన్ లేబర్ క్యాంపులో మా గదిలో పెద్దాయన జగిత్యాల దిక్కు మనిషి. ఎవరికీ చుట్టం కాకపోయినా అందరికీ మామే. ఆయన సెలవు ముగించుకుని వస్తున్నాడంటే గదంతా సంబరం. ఊరి నుంచి వచ్చేవాడు తన బట్టలు తగ్గించుకునైనా సరే, తోటివాళ్ల ఇళ్లన్నీ తిరిగి వాళ్లిచ్చిన పొట్లాలు మోసుకురావాలి. దుబాయ్‌లో మావాళ్ల కట్టుబాటు అది. ఆ పెట్టెలో సకినాలు, నువ్వుల లడ్డూలు, మా ఆవిడ పెట్టిన మామిడికాయ తొక్కు ఉన్నాయి. రెండేళ్ల తర్వాత నోటికందబోతున్న ఇంటి తిండి. విమానం దిగిన మామ, దుబాయ్ అల్ కుసైస్‌లోని మా కంపెనీ క్యాంపు దగ్గర బస్సెక్కి పెట్టెను వెనక సీటు మీద పెట్టాడు. పనిమీద అక్కడికి వెళ్లిన నేనూ అదే బస్సులో ఉన్నాను. దారిలో చాయ్‌కని అందరం దిగాం. డ్రైవర్ భాయ్ ఒక్కడే, గాలికి తలుపు తీసిపెట్టుకుని, స్టీరింగ్ మీద తలవాల్చి కునుకు తీశాడు. మేం తిరిగొచ్చేసరికి పెట్టె లేదు.

వెతకని చోటు లేదు. పక్కన ఆగిన బస్సువాళ్లు తమదనుకుని పట్టుకుపోయారని ఒకరు, తొక్కు వాసనకు ఎవడో ఆగలేకపోయాడని ఇంకొకరు. ఖోర్ ఫక్కాన్ చేరేసరికి మాత్రం చూపులన్నీ భాయ్ మీదికి తిరిగాయి. కడప మనిషి, ఏళ్ల తరబడి మాతో నవ్వుతూ తిరిగినవాడు. "కండ్లు మూసింది నిజమే అన్నా. పెట్టె మాత్రం నేను ముట్టుకోలే," అన్నాడు. సంగతి విన్న క్యాంప్ బాస్, సాయంత్రంలోగా మామ ఫిర్యాదు చేస్తే భాయ్ వీసా రద్దు చేయించి ఇంటికి పంపేస్తానన్నాడు. చేయాల్సిందేనని మావాళ్లు పట్టుబట్టారు.

మామ కాదనలేదు. "ముందుగాల ఇండ్లకు ఫోన్లు జేయుండ్రి. సామాన్లు ముట్టినయో లేదో అని సూస్తుంటరు," అన్నాడు. ఇక్కడి నుంచి ఇంటికి చెడ్డ కబురు చెప్పే అలవాటు మాలో ఎవరికీ లేదు. వేలు తెగినా గీసుకుందంటాం. ఒక్కొక్కడే ఫోన్ తీశాడు. సకినాలు కరకరలాడుతున్నాయన్నారు, లడ్డూలు అప్పుడే అయిపోయాయన్నారు. తొక్కులో ఉప్పు సరిగ్గా సరిపోయిందని నేను చెప్పాను. ఆఖరివాడు ఫోన్ పెట్టేశాక మామ లేచాడు.

"అందరికి ముట్టినయి, అందరు తిన్నరు. ఇగ దొంగతనమేడ జరిగింది? రేపు కేసయితే ఇంట్ల ఏం జెప్తరు? సకినాలు వోతే మల్ల జేస్తరు. భాయ్ ఇజ్జత్ వోతే ఎవ్వలింట్లకెల్లి తెప్పిస్తరు?"

మామే వెళ్లి, పెట్టె దొరికింది, ఖలాస్ అని క్యాంప్ బాస్‌తో చెప్పి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ భాయ్ ఆయన చేయి పట్టుకుని ఏడ్చేశాడు. మా అందరికీ సిగ్గేసింది.

దొంగ ఎవరో నేటికీ తెలియదు. భాయ్ ఇప్పటికీ మా బస్సే నడుపుతున్నాడు. మా ఆవిడ మాత్రం ఏటా తొక్కు పెడుతూ, "ఆ యేడు కుదిరినట్టు మల్ల కుదుర్తలేదు," అంటుంది. నేను అవునంటాను. ఏళ్లు గడిచేకొద్దీ, దాని రుచి నాకు నిజంగానే గుర్తొస్తోంది.