మా కప్పు, వాళ్ళ కప్పు

ఆ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. నేరేడ్‌మెట్‌లో ఇల్లు కొనుక్కుని చేరాక మాకది రెండో వానాకాలం. సోఫాలు గోడకి జరిపి, దుప్పట్లు పరిచి, సంఘంవాళ్ళందరినీ హాల్లో సర్ది కూర్చోబెట్టాం. బయట సన్నగా వాన. పాటలయ్యాయి, వాక్యం అయింది, పాస్టరు గారు లేచి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన అంత తొందరగా ముగిసేది కాదు. నేనూ కళ్ళు మూసుకోవాల్సిందే, కానీ స్టవ్ మీద చాయ్ మరుగుతోంది, ఒక కన్ను వంటింటి మీద వేసి ఉంచాను. అందుకే నాకు కనబడింది. సీలింగు నుంచి ఒక చుక్క జారి సరిగ్గా పాస్టరు గారి బట్టతల మీద పడింది.

ఆయన ఆగలేదు. కళ్ళు తెరవలేదు. "ఈ కుటుంబాన్ని దీవించు ప్రభువా" అంటూనే ఒక అడుగు పక్కకి జరిగారు. ఆ జరిగిన చోట ఇంకో చుక్క పడింది. మళ్ళీ జరిగారు. "ఈ ఇంటి పైకప్పును కూడా నీ చేతులకే అప్పగిస్తున్నాం" అని అదే గొంతుతో చేర్చారు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. మా అత్తయ్య గట్టిగా "ఆమెన్" అంది, ప్రార్థన ఇంకా అవలేదని తెలిసి కూడా.

చాయ్ తాగుతున్నంతసేపూ మాటలన్నీ కప్పు మీదే. తారు షీటు పరిపించమని ఒకరు, రేకుల షెడ్డు వేయించేస్తే పీడా పోతుందని ఇంకొకరు, అసలు ఈ ఇల్లు కొనేముందు మమ్మల్ని అడగాల్సిందని మరొకరు. కురిసే ఇంట్లో కాపురం చేసిన అనుభవం లేనివాళ్ళు మా సంఘంలో ఒక్కరూ లేరని ఆ రోజే తెలిసింది. "ఇల్లన్నాక కురవదా ఏవిటి" అని అత్తయ్య కొట్టిపారేసింది గానీ, అందరూ వెళ్ళగానే బకెట్ తెచ్చి ఆ చుక్క కింద పెట్టింది కూడా ఆవిడే.

మా ఇల్లు జంట ఇళ్ళలో ఒకటి. మధ్య గోడ ఇద్దరికీ ఉమ్మడి. పైన డాబా కూడా ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే అన్నట్టుంటుంది, మధ్యలో నడుమెత్తు పిట్టగోడ అడ్డం తప్ప. అటుపక్క ఇంట్లో లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన, ఆయన భార్య ఉంటారు. మంచివాళ్ళే. మేము చేరిన కొత్తల్లో సామాన్లు దింపుతుంటే అంకుల్ వచ్చి ఫ్రిజ్ ఒక పక్క పట్టారు, ఆంటీ మా అందరికీ ఉప్మా పంపించారు. తర్వాత మునగచెట్టు మధ్యలోకి వచ్చింది.

చెట్టు వాళ్ళది, కొమ్మలు మా డాబా మీదికి. మునగాకు ఎంత సన్నగా ఉంటుందో తెలుసు కదా, పువ్వూ ఆకూ రాలి మా తూము దగ్గర ముద్దకట్టేది. ఒకరోజు అత్తయ్య పైనుంచి చీపురు దులుపుతూ, "చెట్లు పెంచగానే సరా, ఊడవడం కూడా తెలిసుండాలి" అంది, వినపడాలనే అంది. కింద బట్టలు ఉతుకుతున్న ఆంటీ తలెత్తకుండానే, "కాయలు తెంపి చారులేసుకున్నప్పుడు ఆకులు యాదికి రాలే గావచ్చు" అన్నారు. ఆ మాట నిజమే. అంతకుముందు రోజు మా ఇంట్లో మునక్కాయ పులుసు. అత్తయ్యకి మొహం చెల్లక చరచరా దిగొచ్చేసింది. ఆ తర్వాత రెండిళ్ళకీ మాటల్లేవు. గేటు దగ్గర ఎదురైతే ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకునేవాళ్ళం.

కప్పు సంగతి నేను చూసుకుంటానని మావారు ముందుకొచ్చారు. ఆయనకి ఏ పనైనా ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకోవడం సరదా. చూసి చూసి, తెల్ల కోటింగు డబ్బాలు, బ్రష్షులు, జల్లెడలాంటి గుడ్డ చుట్ట తెచ్చారు. శనివారమంతా నడుం వంచి డాబా మొత్తం పూశారు. పిట్టగోడ మొదట్లో ఆ గుడ్డ అతికించి దాని మీద ఇంకా దట్టంగా పట్టించారు. మర్నాడు ఎండలో డాబా చూస్తే కళ్ళు చెదిరాయి. అత్తయ్య బట్టలు ఆరేయడానికి చలవ కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. "బాగానే చేశావురా అబ్బాయ్, విమానాలు దిగొచ్చు" అంది.

తర్వాతి వానకి హాల్లో చుక్క రాలేదు. మావారి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు నేను బెడ్‌రూములోకి వెళ్ళేదాకానే. అక్కడ మధ్య గోడకి ఆనించిన బీరువా మీద మా బడి పిల్లల పరీక్ష పేపర్లు పెట్టుకున్నాను, తొమ్మిదో తరగతి సోషల్. గోడ మీంచి నీళ్ళు చారలుగా దిగి పేపర్ల కట్టంతా నానబెట్టాయి. నోరు తెరిస్తే ఆపలేనని తెలుసు గనక హాల్లో దండెం కట్టి, ఒక్కో పేపరూ బట్టల క్లిప్పులతో వేలాడదీసి, ఫ్యాను పెద్దది చేశాను. కాస్త ఆరినవాటిని అత్తయ్య ఇస్త్రీ చేస్తూ చదువుతోంది. "ఈ పిల్ల బాగా రాసిందే. గోదావరి గురించి చెప్పి, కృష్ణని మర్చిపోయింది. మా కృష్ణ ఏం పాపం చేసింది?" అంది. ఆవిడది తెనాలి దగ్గర, ఆ మాత్రం పట్టింపు ఉంటుంది. ఒక పేపరు మాత్రం సిరా అంతా కలిసిపోయి ఆకాశంలా అయింది. "దీనికి మార్కులెట్లా వేస్తావు?" అంది. "వాణ్ణి పిలిచి నోటితో అడుగుతా" అన్నాను. అడిగాను కూడా. వాడు రాసినదానికంటే బాగా చెప్పాడు.

ఆ మర్నాడు వాన తెరిపివ్వగానే నేనే డాబా ఎక్కాను. మా వైపు పిట్టగోడ మొదట్లో తడుముతూ పోతున్నాను, ఎక్కడ కారుతోందో కనిపెడదామని. తలెత్తేసరికి గోడకి అటుపక్క ఆంటీ. ఆవిడా అలాగే వంగి, చేతిలో సిమెంటు గిన్నె, తాపీ. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఎటూ పారిపోయే దారి లేదు.

ఆవిడే ముందు అన్నారు. "మీరు గా తెల్లరంగు ఏసినప్పటికెల్లి మా ఇల్లు ఉరుస్తుంది, టీచరమ్మా. చెప్తే ఏమనుకుంటరో అని ఊకున్నం."

నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. "మా ఇల్లు అంతకుముందు నుంచే కారుతోంది ఆంటీ. మీ వైపు నుంచే వస్తుందని మేమనుకుంటున్నాం" అన్నాను.

"మా దిక్కుకెల్లి ఎట్లొస్తది? మా సారు నిరుడు ఇంత మందం సిమెంటు ఏసిండు గదా ఈడ" అని చేత్తో చూపించారు. నిజమే, వాళ్ళ వైపు గోడ మొదట్లో సిమెంటు గట్టులా లేచి ఉంది. మా వైపు మావారి తెల్ల గట్టు. నిరుడు ఆ గట్టు లేచాకే ఈ ఏడు మా హాల్లో చుక్క పడింది. నాకేదో తోచింది గానీ ఇంకా మాటగా కుదరలేదు. "ఒకసారి మీ ఇంట్లో చూడొచ్చా?" అని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "రాండ్రి, అడుగుడేంది" అన్నారు.

లోపలికి వెళ్ళి చూస్తే, మధ్య గోడకి అటుపక్క, మా బీరువాకి సరిగ్గా వెనకాల, వాళ్ళ పెళ్ళి ఫొటో ఉండే చోట పెద్ద చెమ్మ మరక. ఫొటో తీసి మంచం మీద పెట్టుకున్నారు. "మా సారు తలకాయ దిక్కు మొత్తం పాడయింది. నేను మంచిగనే ఉన్న" అన్నారు ఆంటీ. ఆ మాటకి నాకు నవ్వొచ్చేసింది. ఆవిడా నవ్వారు. అన్ని నెలల తర్వాత వాళ్ళింట్లో చాయ్ తాగి వచ్చాను.

ఆదివారం చర్చి నుంచి రాగానే మావారు, అంకుల్ డాబా మీద కలుసుకున్నారు. మొదట్లో ఇద్దరూ బిగుసుకునే ఉన్నారు. అంకుల్ అన్నారు, "రైలు డబ్బాల కప్పులు ఎన్నో చేసినం బాబూ. నా సిమెంటు ఎటూ పోదు." మావారు తన కోటింగుకి కంపెనీవాళ్ళు ఏళ్ళ తరబడి హామీ ఇచ్చారన్నారు. ఇలా అయితే సాయంత్రం దాకా తెమలదని, "వాదన ఎందుకు, నీళ్ళు నిలబెట్టి చూద్దాం" అన్నాను. అంకుల్‌కి అది నచ్చింది. వర్క్‌షాపులో డబ్బాల మీద నీళ్ళు కొట్టి చూసేవాళ్ళమని అప్పటికప్పుడు హుషారు తెచ్చుకున్నారు.

ముందు వాళ్ళ వైపు తూముకి పాతచీర కుక్కి, మోటారు వేసి పైపుతో నీళ్ళు వదిలారు. కింద వాళ్ళింట్లో ఆంటీ, మా బెడ్‌రూములో అత్తయ్య కుర్చీలు వేసుకుని గోడల్ని చూస్తూ కూర్చున్నారు. నేను మెట్ల మీద, రెండు వైపులా వినబడేలా.

"వదినగారూ, మీకేమైనా కనబడుతోందా?" అని అత్తయ్య కిటికీలోంచి అడిగింది. అంతకాలం మాట్లాడనావిడ వదినగారూ అనేసరికి నాకే ఆశ్చర్యం వేసింది.

"నాకేం లేదు వదినా. మీకు?" అన్నారు ఆంటీ.

పైన నీళ్ళు ఇంకా నిండుతున్నాయి. తర్వాత అత్తయ్య గొంతు వినబడింది. "నాకు వస్తున్నాయి. బీరువా వెనకాల."

నీళ్ళు వాళ్ళ వైపు, కారడం మా వైపు. అంకుల్ తూములోంచి పాతచీర లాగేశారు. ఆ నీళ్ళు వదిలేసి, గోడ ఆరడానికి టైమిచ్చి, అన్నాలు తిని, మళ్ళీ మా వైపు తూము మూసి నీళ్ళు పట్టారు. ఈసారి మావారు చేతులు కట్టుకుని నిలబడ్డారు, మా వైపు చుక్క కూడా రాదన్న ధీమాతో. నిజంగానే మాకు రాలేదు. ఆంటీ కిందినుంచి కేకేశారు, "షురూ అయింది."

అప్పటికి సంగతి అందరికీ అర్థమైంది. రెండు కప్పులూ కలిసే చోట, పిట్టగోడ అడుగున, సన్నటి సందు ఉంది. అంకుల్ వేసిన గట్టు వల్ల, మావారు వేసిన గట్టు వల్ల ఇటు నీళ్ళు కొన్ని, అటు నీళ్ళు కొన్ని గోడ దగ్గరే నిలిచి ఆ సందులోకి దిగి, ఇటువి అటు, అటువి ఇటు కారుతున్నాయి. "అంటే ఇన్నొద్దులు మనం ఒకలింటికి ఒకలం నీళ్ళు తోలుకుంటున్నమన్నట్టు" అన్నారు ఆంటీ, పైకొచ్చి చూసి.

"నా సిమెంటు గట్టిగనే ఉంది గదా" అన్నారు అంకుల్.

"ఔ, గట్టిగనే ఉంది. గదే తక్లీఫ్" అన్నారు ఆంటీ.

మావారు పకపకా నవ్వారు. ఆయన గుడ్డ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నవ్వారనుకుంటా.

కాలనీలో పనిచేసే మేస్త్రిని రెండిళ్ళవాళ్ళం కలిసి పిలిచాం. రెండు గట్లూ కొట్టించి, సందులో మట్టీ ముక్కలూ గీకించి, సాగే మందు నింపించి, దాని మీద జాలీ పరిపించి సిమెంటు పెట్టించాం. గోడ మొదట్లో నీళ్ళు నిలవకుండా గుండ్రంగా తీర్చి, అక్కణ్ణుంచి తూము దాకా వాలు ఇప్పించాం. మేస్త్రి పని చేస్తున్నంతసేపూ అంకుల్ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు. ఆయన సలహాలు తట్టుకోలేక మేస్త్రి చాయ్ పేరు చెప్పి మాటిమాటికీ కిందికి పోయేవాడు. మునగచెట్టు గురించి కూడా ఒక ఒప్పందం కుదిరింది. కొమ్మలు కొంచెం కొట్టించి, మిగిలిన వాటి కాయలు అడిగి కోసుకునేట్టు. అడక్కుండా కోసినా ఫరవాలేదని ఆంటీ అన్నారు. అడిగే కోస్తానని అత్తయ్య పట్టుబట్టింది.

పని అయ్యాక వాన రావడం మానేసింది. ఎప్పుడూ లేనంతగా మబ్బు కోసం చూశాం. మావారు పొద్దున్నే ఫోన్లో వాతావరణం చూసి నిట్టూర్చేవారు. చివరికి ఒక మధ్యాహ్నం, నేను బడిలో ఉండగా కుండపోతగా పట్టుకుంది. క్లాసులో కరెంటు పోయింది, పిల్లలు కేకలు. అత్తయ్యకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఇల్లు గుర్తొచ్చి పరేషాన్ అయిపోయాను. బడి వదలగానే మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆటో తోయించుకుంటూ, తడిసి ముద్దయి ఇల్లు చేరాను.

తలుపుకి తాళం. నా దగ్గరున్న తాళంచెవితో తీసి లోపలికి పరిగెత్తాను. హాలు పొడి. బెడ్‌రూము పొడి. బీరువా జరిపి వెనకాల గోడ మీద అరచెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది గానీ చెమ్మ లేదు. ఇల్లంతా కలిపి తడిసింది నేనొక్కదాన్నే.

అత్తయ్య ఎక్కడుందా అని పక్కింటికి వెళ్ళాను. ఆంటీ, ఆవిడా మంచం మీద కాళ్ళు చాపుకుని టీవీ సీరియల్ చూస్తున్నారు. మధ్యలో పళ్ళెం నిండా వేడి వేడి మిర్చీ బజ్జీలు.

"ఇంత వాన కురిసింది, గోడ చూశారా అత్తయ్యా?" అని అడిగాను.

అత్తయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండా, "వానొచ్చిందా?" అంది. ఆంటీ మంచం మీద కొంచెం జరిగి, తల తుడుచుకోమని నాకు తువ్వాలు అందించారు.